సీసాలో ఏముంది?

పిల్లలూ,

తొలకరి జల్లులు పడి బడులు తెరిచారంటే మా ఊరి పిల్లల నాలుకలు ఊదారంగుకు తిరుగుతాయి. బడి ఎగ్గొట్టి చెరువుగట్టు నేరేడుచెట్టు కిందికి ఎవరు వెళ్ళారో కనుక్కోవటానికి నాకు వేరే సాక్షి అక్కరలేకపోయేది. "ఏదీ, నాలుక చాపు!" అంటే చాలు. మనిషి అబద్ధమాడినా నేరేడుపండు తిన్న నాలుక అబద్ధమాడదని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్ప ఎలా అణిగిందో చివర చెబుతాను. ముందు పానకం సంగతి.

కిందటి వారం మా మనమరాలు ఒక విదేశపు కథల పుస్తకం చదువుతూ, "తాతయ్యా, ఇందులో అవ్వ చెర్రీపళ్ళ పానకం కాచి, సీసాల్లో పోసి, చలికాలం దాకా దాచిందట. మనమూ చేద్దామా?" అని అడిగింది.

చెర్రీచెట్టుకు చలి కావాలి. శీతకాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేగాని అది సరిగా పూయదు. అందుచేత మన దేశంలో అది కాశ్మీరులోనూ, హిమాచల్ ప్రదేశ్ కొండల్లోనూ పండుతుంది గాని, మన ఎండల్లో పండదు. కేకుల మీద పెట్టే ఎర్రని "చెర్రీలు" చాలావరకు చెర్రీలే కావు. వాక్కాయలను పంచదార పాకంలో ఊరవేసి, రంగు వేసినవి!

"చెర్రీ లేకపోతేనేం? నేరేడు ఉన్నదిగా!" అన్నాను. వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండూ చుట్టాలు కావు. చెర్రీ గులాబీ కుటుంబానిది, నేరేడు జామ కుటుంబానిది. అయినా పోలికలున్నాయి. రెంటికీ లోపల ఒకే గింజ. రెంటికీ ఆ ఎరుపూ నలుపూ ఇచ్చేది ఆంథోసయనిన్లనే రంగుపదార్థాలే. కనుక చెర్రీతో చేసే పనంతా నేరేడుతోనూ చెయ్యవచ్చు.

మాటల్లో కూడా ఒక చుట్టరికం ఉన్నది. "షర్బతు", "సిరప్పు" అనే రెండు మాటలూ అరబ్బీలో "తాగు" అనే అర్థంగల ఒకే మూలం నుంచి పుట్టాయి. మన "పానకం" సంస్కృతంలో తాగటానికి సంబంధించిన మాట నుంచే వచ్చింది. ఎవరి భాషలో వారు ఒకే మాట అన్నారన్నమాట!

ఇక పని మొదలుపెడదాం. పొయ్యి దగ్గర పని అమ్మో, నాన్నో, మరెవరైనా పెద్దవాళ్ళో చెయ్యాలి. కడగటం, పిసకటం, కొలవటం మీ వంతు.

బాగా పండి, నల్లగా నిగనిగలాడే నేరేడుపళ్ళు ఒక కిలో తీసుకోండి. చితికినవీ, పుచ్చు ఉన్నవీ ఏరి పారెయ్యండి. మూడు నీళ్ళలో కడగండి. స్టీలు గిన్నెలో వేసి, ఒక గ్లాసు నీళ్ళు పోసి, చేత్తో మెత్తగా పిసకండి. మిక్సీలో వెయ్యకండి, గింజ నలిగితే చేదూ వగరూ రసంలోకి దిగుతాయి. గిన్నె మాత్రం కళాయి లేని ఇత్తడిదీ, రాగిదీ, అల్యూమినియందీ కాకూడదు. పుల్లని రసం ఆ లోహాలను కొద్దికొద్దిగా తనలోకి లాగేసుకుంటుంది.

పిసికిన పళ్ళను సన్నని సెగమీద పది నిమిషాలు వేడి చెయ్యాలి. తెర్లనివ్వకూడదు. వేడికి తోలులో ఉన్న రంగు రసంలోకి దిగుతుంది. తరవాత ఉతికి ఆరబెట్టిన పల్చని గుడ్డలో వడకట్టండి. గుడ్డను గట్టిగా పిండితే పిప్పి కూడా దిగి, రసం మడ్డిగా ఉంటుంది. ఓపిక పట్టి, దానంతటది కారనివ్వండి.

ఇప్పుడు కొలత. ఇది బాగా గుర్తుంచుకోండి: ఒక గ్లాసు రసానికి రెండు గ్లాసుల పంచదార. రెండూ ఒకే గ్లాసుతో కొలవాలి. రసంలో పంచదార పోసి, పొయ్యిమీద కలియబెడుతూ కరిగించాలి. మొత్తం కరిగి, ఒక పొంగు రాగానే పైన తేలిన నురుగు తీసేసి, గ్లాసు రసానికి ఒక నిమ్మకాయ చొప్పున పిండి దించెయ్యాలి. నిమ్మరసం పడగానే ముదురు ఊదారంగు మెరిసే ఎరుపుగా మారుతుంది. ఆ క్షణం చూడటానికే మా మనమరాలు పీట వేసుకుని నిలుచున్నది! నిమ్మరసంవల్ల మరో లాభం కూడా ఉన్నది. అది పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. అందువల్ల సీసాలో పలుకులు కట్టటం తగ్గుతుంది.

సీసాలను ముందుగానే సిద్ధం చెయ్యాలి. పెద్ద గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు పెట్టి, చల్లనీళ్ళు పోసి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. ఇరవై నిమిషాలు మరగాలి. పానకం వేడిగా ఉండగానే, సీసా కూడా వేడిగా ఉండగానే పొయ్యాలి. చల్లని సీసాలో వేడి పానకం పోస్తే గాజు పగులుతుంది. మూతలు కూడా మరిగించినవే వాడాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, నెలరోజుల్లో వాడుకోండి.

"ఒక గ్లాసు రసానికి రెండు గ్లాసుల పంచదారా! అంత ఎందుకండీ?" అని మీ అమ్మగారు అడుగుతారు. అడగాలి కూడా. దానికి సమాధానం మీ ఇంటి ఊరగాయ జాడీలోనే ఉన్నది. ఆవకాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ పంచదార చేస్తుంది. కావలిస్తే ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. రెండు గిన్నెలు తీసుకుని, ఒకదానిలో మంచినీళ్ళూ, రెండోదానిలో చిక్కని పంచదార పాకమూ పొయ్యండి. రెంటిలోనూ నాలుగేసి ఎండుద్రాక్షలు వేసి, పొద్దున్నే చూడండి. నీళ్ళలోవి ఉబ్బి గుండ్రంగా అవుతాయి. పాకంలోవి ముడతలు పడే ఉంటాయి. చిక్కని పాకం నీటిని వదలదు. పైగా తనలో పడిన సూక్ష్మజీవుల ఒంట్లోని నీటిని కూడా లాగేస్తుంది. నీళ్ళు లేనిదే అవి పెరగలేవు. పానకం బరువులో 100కు 65 పాళ్ళు చక్కెర ఉంటే చాలావరకు సూక్ష్మజీవులు తల ఎత్తలేవు. నేను చెప్పిన కొలతతో సుమారు అంతే వస్తుంది.

ఆ కొలత తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎలా తెలిసిందంటారా?

1998లో నేను ఒక పల్లెటూరి హైస్కూలుకు కొత్తగా హెడ్మాస్టరుగా వెళ్ళాను. ఆగస్టు 15కు చిన్న ప్రదర్శన పెట్టాలని, జూలైలో పిల్లలచేత నేరేడు పానకం చేయించాను. పంచదార ఖర్చు ఎక్కువవుతుందని, "గ్లాసు రసానికి అర గ్లాసు చాలు," అని నేనే చెప్పాను. సీసాలు మరిగించటానికి కట్టెలు ఎందుకు దండగ అని, బావినీళ్ళతో కడిగించి ఊరుకున్నాను. ఆరు సీసాలు నింపి, గట్టిగా బిరడాలు బిగించి, సైన్సుగది బీరువాలో పెట్టించాను. గది తాళం ఏడో తరగతి కుర్రవాడొకడి దగ్గర ఉండేది.

వారం తరవాత పొద్దున బీరువా తీస్తే రెండు సీసాలు ముక్కలై ఉన్నాయి. అరలనిండా పానకం. కుర్రవాణ్ణి పిలిచాను. "నేను ముట్టుకోలేదండీ," అన్నాడు. "నాలుక చాపు!" అన్నాను. చాపాడు. నాలుక ఊదారంగుగా ఉన్నది!

ఇక నాకు సాక్ష్యం ఏం కావాలి? దొంగతనంగా తాగబోయి సీసాలు పగలగొట్టావన్నాను. "దారిలో పళ్ళు ఏరుకు తిన్నానండీ," అని వాడు అంటూనే ఉన్నాడు. నేను వినలేదు. తాళం లాక్కున్నాను. ప్రదర్శనలో నీకు చోటు లేదన్నాను. ఆ రోజంతా వరండాలో నిలబెట్టాను. పిల్లలందరూ వాణ్ణి చూస్తూ పోయారు.

మూడో రోజు మధ్యాహ్నం నేను సైన్సుగదిలో ఒంటరిగా కూర్చుని దిద్దుబాట్లు చేసుకుంటున్నాను. బీరువాలో "ఠప్పు"మన్నది. తెరిచేసరికి ఒక సీసా బిరడా లేకుండా నిలబడి బుసబుసమని నురుగు కక్కుతున్నది. బీరువాకు తాళం వేసి ఉన్నది. ఆ తాళంచెవి నా జేబులో ఉన్నది.

చాలాసేపు నేను కుర్చీలోనుంచి లేవలేకపోయాను. ఆ కుర్రవాడి నాలుక నిజంగానే అబద్ధమాడలేదు. అది చెప్పిందల్లా "వీడు నేరేడుపళ్ళు తిన్నాడు" అని మాత్రమే. "వీడే సీసా పగలగొట్టాడు" అన్న మాట నేను కలిపాను. చూసినది వేరు, చూసినదాని నుంచి మనం ఊహించేది వేరు అని పాఠం చెప్పవలసిన నేనే ఆ తేడా మరిచిపోయాను.

మరునాడు ప్రార్థన దగ్గర, అందరి ఎదుటా వాణ్ణి ముందుకు పిలిచి, "తప్పు నాది. పంచదార తగ్గించింది నేను, సీసాలు మరిగించవద్దన్నది నేను, నీ మాట విననిదీ నేనే. నన్ను క్షమించు," అన్నాను. తాళం వాడి చేతిలో పెట్టాను. వాడు కాసేపు తల వంచుకుని నిలబడి, తరవాత నెమ్మదిగా అడిగాడు: "మరి బిరడాను నెట్టింది ఎవరండీ? సీసాలో ఏముందండీ?"

నేను మాట పడితే ఓర్చుకునేవాణ్ణి. వాడు ప్రశ్న అడిగేసరికి నా కళ్ళు చెమర్చాయి. ఆ రోజు వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

సీసాలో ఈస్టు ఉన్నది. అది కంటికి కనిపించని జీవి. పళ్ళ తోలుమీదా, మరిగించని సీసా అడుగునా అది ఉండగలదు. చక్కెర మరీ చిక్కగా లేకపోతే దానికి విందు భోజనమే. చక్కెరను తిని, ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. వాయువుకు బయటికి దారి ఉండదు. రోజురోజుకూ సీసాలో ఒత్తిడి పెరుగుతుంది. చివరకు బిరడా అయినా ఎగరాలి, గాజు అయినా పగలాలి. ఇదంతా ఒక ప్రాణి చేసే పని అని 1857 తరవాత లూయీ పాశ్చర్ చేసిన ప్రయోగాలవల్ల లోకం నమ్మింది. అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందే, ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే వంటవాడు సీసాల్లో ఆహారం పెట్టి, మూత బిగించి, నీళ్ళలో మరిగిస్తే చెడదని కనిపెట్టి, 1810లో ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. ఎందుకు చెడదో మాత్రం ఆయనకు తెలియదు!

కనుక మీ సీసాలో నురుగు కనిపించినా, బూజు పట్టినా, మూత తీస్తే బుస్సుమన్నా రుచి చూడవద్దు. మూత బిగిసి, లోపల నురుగు కట్టిన సీసాను మీరు ముట్టుకోకుండా పెద్దవాళ్ళకు చెప్పండి. పానకం పారబొయ్యవలసిందే.

ఇంకొక తమాషా చెప్పి ముగిస్తాను. మూడు గ్లాసుల నీళ్ళలో నాలుగేసి చుక్కల పానకం వెయ్యండి. ఒకదానిలో నిమ్మరసం పిండండి, ఎరుపు వస్తుంది. ఇంకొకదానిలో తినే సోడా చిటికెడు వెయ్యండి. రంగు నీలం, ఆకుపచ్చల వైపు తిరుగుతుంది. మూడోదాన్ని పోల్చి చూడటానికి అలాగే ఉంచండి. పులుపు ఆమ్లం, సోడా క్షారం. తెల్లచొక్కా మీద నేరేడు మరక సబ్బు తగలగానే నీలంగా మారేది కూడా ఇందుకే. రాబర్ట్ బాయిల్ 1664లో అచ్చయిన తన పుస్తకంలో ఇటువంటి పరీక్షే రాశాడు. ఆయన వాడినది వయొలెట్ పూల పానకం!

తాగేటప్పుడు ఒక పాలు పానకానికి అయిదు పాళ్ళు చల్లని నీళ్ళు కలపండి. పెద్ద చెంచాలతో రెండు చెంచాల పానకంలోనే ఆరు టీచెంచాల దాకా పంచదార ఉంటుంది. అందుచేత ఇది చుట్టాలు వచ్చిన నాటి వస్తువే గాని, రోజూ తాగేది కాదు. నేరేడు మధుమేహానికి మంచిదని ఎవరో చెప్పారని తాతగారికి గ్లాసు నింపి ఇవ్వకండి. మా ఇంట్లో నాకు దక్కింది వాసన మాత్రమే!

ఇక మీకొక ప్రశ్న. ఆరు సీసాల్లో రెండే ముందు ఎందుకు పగిలాయి? మిగతావి ఎందుకు ఆగాయి? ఆలోచించి రాయండి. మీరు నిజంగా చూసినది ఏదో, ఊహించినది ఏదో విడివిడిగా రాయటం మాత్రం మరవకండి.

మీ
మాస్టారు