పదో గంట కూలి

ఫిబ్రవరి వచ్చిందంటే నల్లపాడు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల ముందు మిరప టిక్కీల లారీలు బారులు తీరతాయి. లారీ ఎప్పుడొస్తే అప్పుడే దిగుమతి. ముఠా కూలీ ఇంటికి పోయే వేళంటూ ఉండదు. షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్లు ఘాటు తట్టుకోలేక ముక్కుకు కొంగు కట్టుకుని, పొద్దువాలినా లేవరు. వాళ్లకు కిలోల లెక్కన కూలి. “కిలోల కూలికి ఓటీ ఏమిటండీ?” అంటారు యజమానులు.

చట్టం అలా అనలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వ ఉంచడాన్నీ తయారీ ప్రక్రియ కిందే లెక్కగట్టింది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వమంది. చేసిన పనినిబట్టి కూలి తీసుకునేవాళ్లకైతే, కిందటి నెలలో అదే పనికి రోజుకు సగటున ఎంత గిట్టిందో చూసి, దాని మీద ఓటీ కట్టమంది. ఎవరు ఏ వేళకు పనిలోకి రావాలో ముందే రాసి గోడకు పెట్టమంది కూడా.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రోజు పని పరిమితిని 10 గంటలకు, మూడు నెలల ఓటీ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచింది. ఈ పెంపును మేం ఒప్పుకోం. మిరప ఘాటులో తొమ్మిది గంటలు కూర్చున్న మనిషిని ఇంకో గంట కూర్చోమనడం అన్యాయం. అదే ఏడాది నవంబరు 21న కేంద్ర కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. రెట్టింపు రేటు వాటిలోనూ ఉంది, ఓటీ చేయించాలంటే కార్మికుల సమ్మతి కావాలన్న షరతూ ఉంది. అడగగలిగే ధైర్యం ఉన్నవాళ్లకే అది అక్కరకొస్తుంది.

అమెరికాలో మన పిల్లల సంగతీ ఇలాగే ఉంది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని 1938 నాటి చట్టం చెబుతోంది. పెద్ద దుకాణాలు, హోటళ్లు షిఫ్టులు ముందుగా చెప్పి తీరాలని ఆరెగాన్ 2017లో చట్టం చేసింది. అయినా గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టుకు అప్పటికప్పుడు ఫోన్ చేసి పిలిచేది, నగదు చేతిలో పెట్టి ఓటీ ఎగ్గొట్టేది ఒక్కోసారి మన తెలుగువాళ్లే. వీసా భయంతో పిల్లలు నోరెత్తరని వాళ్లకు తెలుసు. చేసిన పనికి కూలి అడిగే హక్కు వీసాను బట్టి పోదు.

మన సభ్యుల్లో నల్లపాడు వైపు జిన్నింగ్ మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో వాటాలున్నవాళ్లు ఉన్నారు. ఈసారి ఊరెళ్లినప్పుడు హాజరు పుస్తకం తెప్పించుకుని చూడండి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఇచ్చిన ఓటీ వేర్వేరు గళ్లలో లేకపోతే, మిరప సీజను మొదలయ్యేలోపే గీయించండి.