బయోడేటాలో మన చదువు

ఉద్యోగానికి దరఖాస్తు చేయబోయే విద్యార్థులు తమ బయోడేటాలను మాకు చూపించడం ఏటేటా జరిగేదే. వాటిని చదివినప్పుడల్లా మాకు తోచేది ఒక్కటే: మన పిల్లలలో లేని గొప్పలు రాసుకొనేవారు అరుదు, ఉన్నదాన్ని దాచుకొనేవారే ఎక్కువ.

పదవ తరగతి ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థి ఆ మాటే రాయడు. ఎందుకని అడిగితే తల వంచుకొంటాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా చేసుకొని వెలసింది. వైద్యమూ ఇంజనీరింగూ సైతం ఆ భాషలోనే నేర్పింది. పాత కథ అంటారేమో! ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసే బిల్లును 2017లో తెలంగాణ శాసనసభ, 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించాయి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదవను రాయను వచ్చినవాడు ఆ సంగతి స్పష్టంగా రాసుకోవడం ఆడంబరం కాదు, అర్హత.

శిక్షణ విషయంలోనూ ఇదే బిడియం. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి నడిపే ఏడాది డిప్లొమాలో కంప్యూటర్ వినియోగంతోపాటు వ్యాపార లెక్కలు, బహుభాషా డీటీపీ కూడా ఉన్నాయి. అంతటి చదువు పూర్తిచేసిన అమ్మాయి ‘కంప్యూటర్ తెలుసు’ అని రెండు ముక్కలు రాసి ఊరుకొంటుంది! ఏమి తెలుసునని చదివేవారు అనుకోవాలి? కోర్సు పేరు, ఇచ్చిన సంస్థ, కాలవ్యవధి, ఉత్తీర్ణతా సంవత్సరం, చేతితో చేయగల పని — ఇవన్నీ కావాలి. చివరి చదువును మొదట రాయడం వాడుక. ఫలితం రాని పరీక్షకు ‘ఫలితం రావలసి ఉన్నది’ అని రాస్తే పోయేదేమీ లేదు.

అన్నిటికంటె మమ్మల్ని కలవరపెట్టేది పేర్ల సంగతి. పదవ తరగతి పత్రంలో ‘ఎం.డి.’, ఇంటర్మీడియట్‌లో ‘మొహమ్మద్’, డిగ్రీలో ‘మహమ్మద్’. ఒక్క మనిషే ముగ్గురవుతాడు. (ఎం.డి. అంటే వైద్యపట్టమని భ్రమించేవారూ లేకపోలేదు.) ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక. పత్రాలు పరిశీలించే అధికారికి సందేహం కలగడానికి ఇంతకంటె ఏం కావాలి? అతనికి మనమీద ద్వేషం ఉండనక్కరలేదు, అక్షరాలు కలవకపోతే చాలు. నెలల తరబడి సాధించుకొన్న ఉద్యోగం అక్కడ ఆగిపోవచ్చు. పదవ తరగతి పత్రంలోని అక్షరాలనే బయోడేటాలోనూ వాడాలి. తక్కినవాటిలో తేడా ఉంటే నియామకపు ఉత్తరువు వచ్చాక పరుగెత్తేకంటె ముందే సరిచేయించుకోవాలి.

ఈ ఏడు చివరి సంవత్సరంలో ఉన్నవారు సెలవులకు ముందే ఆ పత్రాలన్నీ పక్కపక్కన పరచి చూసుకొని, తేడాలుంటే కళాశాల కార్యాలయంలో తెలియజేయగోరుతున్నాము.