హెచ్‌డీ ఛానెళ్ల జాబితా చేతికివ్వాలి
ఇంట్లో హెచ్‌డీ టీవీ ఉంది, సెట్‌టాప్ బాక్సూ హెచ్‌డీదే. అయినా ఈటీవీ, జెమినీ, స్టార్ మా, జీ తెలుగు మన వీధి కేబుల్‌లో హెచ్‌డీలో వస్తాయా అని అడిగితే సూటిగా చెప్పేవారు లేరు. కావలసిన ఛానెల్‌నే ఎంచుకుని దానికే డబ్బు కట్టే పద్ధతిని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో అమల్లోకి తెచ్చింది. ఏమేం ఉన్నాయో తెలియకుండా ఎంచుకునేదేమిటి? ఒకే ఛానెల్ ఒక నంబరులో మామూలుగా, ఎక్కడో మరో నంబరులో హెచ్‌డీగా వస్తుంది, ధరా వేరే. హెచ్‌డీ ప్యాక్‌కు సొమ్ము కట్టి కూడా, ఆ రెండో నంబరు తెలియని పెద్దవాళ్లు మసక బొమ్మతోనే సరిపెట్టుకుంటున్నారు. ఇది అన్యాయం. ఆపరేటర్లు హెచ్‌డీ ఛానెళ్ల పేర్లు, నంబర్లు, ధరలు తెలుగులో అచ్చువేయించి బిల్లుతో పాటు ఇవ్వాలి. కొత్త కనెక్షనైతే బాక్సు బిగించకముందే ఆ కాగితం చేతిలో పెట్టాలి.