కొట్లాట చేపదా, తొట్టెదా?

గాజు తొట్టెలో ఒక చేప మరోదాన్ని తరుముతుంటే వెంటనే “ఇది పొగరుబోతు చేప” అని పేరు పెట్టేస్తాం. నేరం చేపమీద మోపే ముందు తొట్టెను కూడా విచారించాలని నా వాదన.

తిరువూరు ప్రాంతంలో పెనుగొలను అనే ఊరుంది. పేరులోనే పెద్ద కొలను ఉంది చూశారా! అంతటి కొలనులో ఒక చేప మరోదాన్ని తరిమిందనుకోండి. ఓడినది నాలుగు బారలు అవతలికి పోతుంది. గెలిచినది తన హద్దు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. తగాదా అంతటితో సరి. మరి రెండడుగుల తొట్టెలో ఓడిన చేప ఎక్కడికి పోవాలి? ఏ మూలకు పోయినా గెలిచినదాని కళ్ళెదుటే ఉంటుంది. “ఇంకా పోలేదే!” అన్నట్టు అది మళ్ళీ మీద పడుతుంది. వాజాలు చిరుగుతాయి. దెబ్బతిన్నది మేత మానేస్తుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది కూడా. కొలనులో బెదిరింపుతో ముగిసే వ్యవహారం తొట్టెలో చావుదాకా వస్తుందన్నమాట.

అసలు చేపకు పోరెందుకు? మన కొర్రమీనునే తీసుకోండి. గుడ్లు నీటిపైన తేలుతుంటే తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కిందనే పెద్ద చేప ఉంటుంది. దగ్గరికి వచ్చినదానిమీద విరుచుకుపడుతుంది. దీన్ని పొగరు అందామా? అదే కొర్రమీను తన జాతిలోని చిన్నదాన్ని మింగేస్తుంది కూడా. అది పోరు కాదు, ఆకలి. అందుకే పెంపకందారులు పిల్లలను సైజువారీగా వేరుచేస్తారు. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

హాలెండు శాస్త్రజ్ఞుడు నికో టిన్‌బర్గెన్ స్టికిల్‌బాక్ అనే చిన్న చేపలను పరిశీలించాడు. గూడు కట్టే రోజుల్లో మగచేప పొట్ట ఎర్రబడుతుంది. అచ్చం చేపలా ఉన్న బొమ్మ పెడితే అది అంతగా పట్టించుకోలేదు. చేప పోలికే లేని ముద్దకు అడుగున ఎరుపు పూస్తే మాత్రం దాడి చేసింది! కిటికీ పక్క తొట్టెల్లోని మగచేపలు, వీధిలో ఎర్ర తపాలా బండి పోతుంటే అటువైపు ఉరికేవట. జంతువుల ప్రవర్తనపై కృషికి 1973లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

ఇక బెట్టా. దాని పుట్టిల్లు థాయిలాండు వరిచేలు, లోతు తక్కువ నీళ్ళు. మగచేప నురుగుతో గూడు కట్టి గుడ్లను కాపాడుతుంది. రెండు మగచేపలను ఒకే సీసాలో వేసి “చూడండి తమాషా” అనేవాళ్ళున్నారు. సంక్రాంతి కోడిపందేల గురించి మీకు చెప్పనక్కర లేదు. ఇదీ ఆ కోవలోదే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో “జంతువు” అంటే మనిషి తప్ప ప్రతి ప్రాణీ. వినోదం కోసం వాటిని పోరుకు ఉసిగొల్పడం నేరం. చేపకు అరుపు లేదు కనుక చట్టం గుర్తుకురాదు, అంతే.

మీ ఇంట్లో తొట్టె ఉంటే చేపలను తిట్టకుండా దాన్ని కాస్త సర్దిచూడండి. మగ బెట్టాను మాత్రం మరో మగదానితో ఉంచవద్దు. మిగతావాటికి పగిలిన కుండపెంకులు, రాళ్ళు, నీటిమొక్కలు పెట్టి ఒకదానికొకటి కనబడకుండా చాటు కల్పించండి. మేత ఒకేచోట కాక రెండు మూడు చోట్ల వేయండి. కొత్త చేపను వదిలేనాడు రాళ్ళ అమరిక మార్చండి. తన హద్దు ఏదో తెలియక పాత చేప కూడా కొత్తదానితోపాటే చోటు వెతుక్కుంటుంది.