అంతిమ సేవకు గీటురాయి ఏది?

మానవ జీవితంలో జననం ఎంత సహజమో మరణమూ అంత సహజం. ఈ సత్యం ఎరుగనివారు లేరు. అయినను, పుట్టబోయే శిశువు కొరకు మంచి ప్రసూతి వైద్యశాలను నెలల ముందుగా విచారించి ఎన్నుకొనే మనం, ఇంటి పెద్దల చివరి దినాలు ఎక్కడ, ఎవరి చేతులలో గడవాలన్న సంగతిని మాత్రం విచారించం. విచారించడమే అపశకునమని భావిస్తాం. తీరా ఆ ఘడియ వచ్చినప్పుడు ఎవరో చెప్పిన చిరునామా పట్టుకొని పరుగెత్తుతాం. అక్కడ జరిగేది మంచి సేవయో కాదో తేల్చుకొనే వ్యవధి గాని, మనఃస్థితి గాని అప్పుడు మనకు ఉండదు.

ఈ విషయం వ్రాయడానికి మమ్మల్ని పురికొల్పినవి రెండు అనుభవాలు.

మొదటిది మా మిత్రుని తల్లి కథ. ఆమెకు క్యాన్సరు ముదిరింది. ఇక చేయగలిగిన వైద్యం లేదని పెద్ద ఆస్పత్రివారు చెప్పగా, ఆమెను ఒక సేవాగృహంలో చేర్చారు. నునుపైన పాలరాతి నేల, గదికొక టెలివిజన్, గోడలపై దాతల పేర్లతో ఫలకాలు. చూచినవారందరూ మెచ్చుకొన్నారు. మూడవనాటి రాత్రి ఆమెకు భరించరాని నొప్పి వచ్చింది. అక్కడున్న ఒకే ఒక ఆయా, “మందు బీరువాలో ఉంది బాబూ, తాళంచెవి డాక్టరుగారి వద్ద ఉంది, వారు ఉదయం వస్తారు” అన్నది. తెల్లవారేవరకు ఆ తల్లి మూలుగుతూనే ఉన్నది. ఐదవనాడు కన్నుమూసింది. మా మిత్రుడు సొమ్మంతా చెల్లించి, రసీదు తీసుకొని, శవంతో ఇల్లు చేరాడు. ఫిర్యాదు చేయలేదు. ఎవరికి చేయాలో, ఏమని చేయాలో అతనికి తోచలేదు.

రెండవది మా స్వానుభవం. గత సంవత్సరం మేము కొందరం యాపిల్ పండ్ల బుట్టలు పట్టుకొని మరొక సేవాగృహానికి వెళ్ళాం. అది పాత కట్టడం, సున్నం వేసిన గోడలు, ఇరుకైన వరండా. ఒక వృద్ధుని మంచం వద్ద పండు ఉంచబోగా, అక్కడి నర్సు మెల్లగా, “ఆయన మింగలేరండి. కాసేపు పక్కన కూర్చోండి. ఈ తడి దూదితో పెదవులు తడపండి, అది చాలు” అన్నది. మేము సిగ్గుపడి కూర్చున్నాం. పెదవులు తడిపాం. ఆయన చేయి మెల్లగా పైకెత్తి నుదుటికి తాకించి సలాం చేశాడు. పరీక్షించవచ్చినవారం మేము, పరీక్షింపబడినవారమూ మేమే అయ్యాం.

ఈ రెండు గృహాలలో ఏది మేలైనదో పాఠకులకు చెప్పనక్కరలేదు. కాని బయటినుండి చూచిన మనిషికి ఆ భేదం తెలిసేదెట్లు? ఇదే మా ప్రశ్న.

బజారులో నాసిరకం గుడ్డ అమ్మిన వర్తకుని దుకాణానికి మరునాడు వెళ్ళి తగవులాడవచ్చు. పాఠం సరిగా చెప్పని బడిని మార్పించవచ్చు. కాని అంతిమ సేవ సరిగా అందని మనిషి తిరిగివచ్చి ఫిర్యాదు చేయలేడు. సాక్ష్యం చెప్పవలసినవాడే లేకుండా పోయే వ్యవహారమిది. మిగిలినవారు దుఃఖంలో మునిగి, పోయినవారు పోయారు, ఇక తవ్వుకోవడమెందుకని ఊరుకుంటారు. కనుకనే ఇటువంటి సంస్థను ముందుగా ప్రశ్నించవలసిన బాధ్యత మరి దేనికంటెను ఇక్కడ ఎక్కువ. పోబోయేవాని పక్షాన ఉన్నవారు అడగవలసిన ప్రశ్నలివి.

ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి ఆద్యురాలు సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు, పిదప ఆస్పత్రి సాంఘిక సేవకురాలు, ఆ తరువాత డాక్టరు. 1967లో లండన్ నగరంలో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ఆమె స్థాపించింది. మరణాసన్నుని బాధ కేవలం శరీరానిది కాదనీ, మనస్సుకూ, కుటుంబానికీ, ఆత్మకూ సంబంధించిన బాధలన్నీ అందులో పెనవేసుకొని ఉంటాయనీ ఆమె బోధించింది. మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి అవేదనా సదన్ వెలసింది. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ ప్రభృతులు ఉపశమన చికిత్సాలయాన్ని నెలకొల్పారు. ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇండ్లకు వెళ్ళే పద్ధతి కేరళలో పాతుకొన్నది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికొక విధానాన్నే ప్రకటించింది. మన హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద వెలసిన ప్రభుత్వ క్యాన్సరు ఆస్పత్రిలో ఉపశమన చికిత్సా విభాగం కలదు. 2011 నుండి స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తున్నది. అయినను దేశం మొత్తం మీద చూచినచో ఇది సముద్రంలో కాకిరెట్ట. 2015లో ఒక అంతర్జాతీయ పరిశీలన 80 దేశాలలో మరణకాల సేవను తూచి చూడగా, మన దేశానికి దక్కినది 67వ స్థానం.

ఇక గీటురాళ్ళ సంగతి.

మొదటి ప్రశ్న నొప్పిని గురించి. సంస్థలో మార్ఫిన్ మాత్రలున్నాయా? రాత్రి రెండు గంటలకు దానిని ఇవ్వగల అధికారం, తాళంచెవి ఎవరి వద్ద ఉన్నాయి? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు పాలరాతి నేలకంటె ఎక్కువ చెబుతుంది. సాధారణ మార్ఫిన్ మాత్ర పని చేసేది సుమారు నాలుగు గంటలు. కనుక నొప్పి వచ్చినప్పుడు కాక, గడియారం చూచి, నొప్పి రాకముందే ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ సూత్రాన్ని ప్రకటించింది. మార్ఫిన్ తీసుకొనే ప్రతి రోగికీ దాదాపుగా మలబద్ధకం వస్తుంది. కనుక దానితోపాటే విరేచనానికి మందు వ్రాయాలి. “మార్ఫిన్‌తోపాటు విరేచనానికి ఏమిస్తారు?” అని అడిగి చూడండి. తడుముకోకుండా జవాబు వచ్చినచో అక్కడ పని తెలిసినవారున్నారని గ్రహించవచ్చు.

ఇక్కడ ఒక విషాదకరమైన వైచిత్రి గమనార్హం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండుతుంది. విదేశాలకు ఎగుమతి కూడా అవుతుంది. కాని 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం అనుమతుల చిక్కుముడులు వేయడంతో మన రోగులకే అది అందకుండా పోయింది. 2014లో చట్టాన్ని సవరించి ఆ ముడులను సడలించారు. అనుమతి పొందిన వైద్య సంస్థ ఇప్పుడు మార్ఫిన్‌ను ఉంచుకోవచ్చు. కనుక నేడు “మా వద్ద అది దొరకదు” అనే సేవాగృహం చట్టాన్ని నిందించుటకంటె తన ఉదాసీనతను నిందించుకొనుట న్యాయం.

రెండవ ప్రశ్న భాషను గురించి. ఇది రెండు భాషల విద్యార్థులు చదివే మన కళాశాలకు మిక్కిలి సన్నిహితమైనది. నొప్పి అంతా ఒక్కటి కాదు. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. కరెంటు తగిలినట్లు జిల్లుమనే బాధ నరానికి సంబంధించినది కావచ్చు. దానికి మందు వేరు. ఒక ఉర్దూ తల్లి “ఘబ్రాహట్” అన్నప్పుడు అందులో భయం ఉండవచ్చు, ఊపిరాడనితనమూ ఉండవచ్చు. ఆ మాటను విని, మరొక ప్రశ్న వేసి, ఏది ఎంతో తెలుసుకొనే మనిషి మంచం పక్కన ఉన్నదా? రోగి మాతృభాష తెలియని చోట వైద్యం సగమే జరుగుతుంది. అట్లే అతని విశ్వాసం. నమాజుకు మంచం దిశ మార్చమంటే మార్చేవారున్నారా? తులసితీర్థం కోరినవారికి అడ్డు చెప్పకుండా ఉంటారా? తమ మతాన్ని రోగిపై రుద్దకుండా అతని మతాన్ని అతనికి అందనిచ్చేదే మంచి సేవ.

మూడవ ప్రశ్న సత్యాన్ని గురించి. మన ఇండ్లలో రోగికి తప్ప అందరికీ రోగం పేరు తెలుసు. మంచి సంస్థ తొందరపడి చెప్పదు, అడిగినప్పుడు అబద్ధమాడదు. రోగి ఎంత తెలుసుకొనగోరుచున్నాడో అంతే చెబుతుంది; అతని కోరిక ఏమిటో అడిగి వ్రాసుకొంటుంది. సుప్రీంకోర్టు 2018 మార్చిలో గౌరవంగా మరణించే హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించి, ముందస్తు వీలునామాకు మార్గం చూపింది. 2023లో ఆ పద్ధతిని సులభతరం చేసింది. ఈ సంగతి తెలియని సేవాగృహం రోగి మాటకు విలువ ఇస్తుందని నమ్మడం కష్టం.

నాలుగవది, దేహ సంరక్షణ. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా? వీపు మీద, పిరుదుల మీద పడక పుండ్లు ఉన్నాయా? నోరు శుభ్రంగా ఉన్నదా? దుప్పటి తడిసినప్పుడు ఎంతసేపటికి మారుస్తారు? ఇవి చూడడానికి డాక్టరు కానక్కరలేదు. మధ్యాహ్నం వేళ ముందుగా చెప్పకుండా వెళ్ళి, ముక్కు, కన్ను తెరచి నిలబడితే చాలు.

ఐదవది, కుటుంబాన్ని గురించి. అనేకులు తమ ఇంటిలోనే, తమ మంచంలోనే కన్నుమూయగోరుతారు. సంస్థవారు ఇంటికి వస్తారా? పుండు కట్టు కట్టడం, మందు వేళలు పాటించడం ఇంటివారికి నేర్పుతారా? ప్రాణం పోయిన తరువాత శవాన్ని స్నానం చేయించడానికి, ఆఖరి చూపుకు వ్యవధి ఇస్తారా, లేక తరువాతి రోగి కొరకు మంచం ఖాళీ చేయమంటారా? వారం గడిచిన పిదప ఎవరైనా ఒక ఫోను చేసి “అమ్మా, ఎట్లా ఉన్నారు?” అని అడుగుతారా? అమెరికాలో 2015 నుండి రోగి మరణించిన కొన్ని నెలలకు కుటుంబీకులను ప్రశ్నావళి ద్వారా విచారిస్తున్నారు; ఆ జవాబులను ప్రజలు చూచేందుకు వీలుగా ప్రకటిస్తున్నారు. పోయినవాని పక్షాన సాక్ష్యం చెప్పించే పద్ధతి అది. మనకు అటువంటిది లేదు గాని, ఆ సేవ పొందిన రెండు కుటుంబాలను వెదకి పలకరించడం ఎవరికైనా సాధ్యమే.

చివరిది ధనాన్ని గురించి. ఇచ్చినవానికీ ఇయ్యలేనివానికీ ఒకే మంచం, ఒకే మందు దొరుకుతున్నదా? అనవసరమైన సెలైను, పరీక్షలు పెట్టి సొమ్ము పెంచుతున్నారా? లెక్క ముందుగా చెబుతారా?

“ధర్మం చేసేవారిని ఇట్లు నిలదీయడం కృతఘ్నత కాదా?” అని కొందరు పెద్దలు అడుగవచ్చు. వారి ఉద్దేశంలో మంచి ఉన్నది. ఈ పనికి పూనుకొనేవారే తక్కువ. ఉన్నవారిని బెదరగొట్టరాదన్న మాట నిజం. కాని ధర్మం అనే పేరు నొప్పికి మందు కాదు. తల్లి రాత్రంతా మూలిగిన గదిలో గోడమీది దాత పేరు ఆమెకు ఏ మేలు చేసింది? నిజంగా సేవ చేసేవారు ప్రశ్నకు భయపడరు. మేము చూచిన ఆ పాత కట్టడంలోని నర్సు మా ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పి, “ఇంకొక్క నర్సు ఉంటే రాత్రిళ్ళు బాగుండేదండి” అని తమ లోటును కూడా తానే చెప్పింది. లోటు చెప్పుకోగలగడం కూడా ఒక గీటురాయి.

కళాశాల యాజమాన్య సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటి. ఏటేటా మనం ధర్మకార్యాలకు వెచ్చించే సొమ్ములో అంతిమ సేవకు కొంత కేటాయించండి. కాని ఫలకానికి, పంకాకు కాక, ఒక రాత్రి నర్సు జీతానికి ఇవ్వండి. ఇచ్చేముందు పై ప్రశ్నలు అడగండి. విద్యార్థి మిత్రులకు మరొక మనవి. పండ్ల పంపిణీ, ఛాయాచిత్రం చాలించుదాం. కేరళలో వలె కొద్ది దినాల శిక్షణ పొంది, వారానికొకనాడు ఒక గంట వెళ్దాం. ఉత్తరం వ్రాసిపెట్టడం, పత్రిక చదివి వినిపించడం, తెలుగు నర్సుకు ఉర్దూ తల్లి మాటను, ఉర్దూ నర్సుకు తెలుగు తాత మాటను విప్పి చెప్పడం మన చేతిలో ఉన్న పనులు. ఇట్లు తరచు వెళ్ళేవారి కన్ను ఎదుట ఏ సంస్థా తాళంచెవిని ఇంటికి తీసుకొనిపోదు.

ఒక సమాజం ఎంత నాగరికమో దాని సౌధాలనుబట్టి కాక, అది తన నిస్సహాయులను చూచుకొనే తీరునుబట్టి తెలుస్తుందని పెద్దలంటారు. చనిపోబోయేవానికంటె నిస్సహాయుడు లేడు. ఆ మంచం మీద ఒకనాడు మన తల్లి ఉంటుంది, మరొకనాడు మనమే ఉంటాం. ఆ రాత్రి తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదన్న ప్రశ్నను ఈనాడే అడుగుదాం.