అల్పవిషమను నిర్లక్ష్యము

తోటలలో పసిరికపాము కనబడినంతనే కర్రలెత్తుట మనవారికి పరిపాటి. దాని విషకోరలు నోటి వెనుకభాగమున నుండును. తొండలను, కప్పలను లొంగదీయుటకు చాలిన ఆ విషము మనుష్యునకు సాధారణముగా వాపును, నొప్పిని మాత్రమే కలిగించును. అట్టి ప్రాణిని చంపుట నిష్కారణహింస.

అయినను అల్పవిషమను మాటను అభయపత్రముగా గైకొనుటయు ప్రమాదకరమే. వెనుక కోరల పాములవలన పెద్ద యపాయము లేదని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే పలువురు తలచిరి. 1957లో చికాగో నగరమున సర్పశాస్త్రజ్ఞుడు కార్ల్ ష్మిట్ ఆఫ్రికాఖండపు బూమ్‌స్లాంగ్ పిల్ల కరచినప్పుడు, చికిత్స నపేక్షింపక తన బాధలను వ్రాసికొనుచు మరునాడే మరణించెను. 1975లో జర్మనీ పండితుడు రాబర్ట్ మెర్టెన్సును అట్టి మరియొక ఆఫ్రికా పామే బలిగొన్నది.

పండితులే యిట్లు పొరబడగా, చీకటిలో కాలిని కరచినది కట్లపామో, దానిని బోలిన విషములేని పామో కూలివాడెట్లు నిర్ణయింపగలడు? కట్లపాము కాటున నొప్పియు వాపును తరచుగా కనబడవు. ప్రాణము మాత్రము పోవును. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాట్లకు సుమారు 12 లక్షలమంది బలియైరని పరిశోధకుల అంచనా.

భూవసతిగల పెద్దలకు మా విన్నపమిది. మీ చేలలో ఎవరినైనను పాము కరచినచో, అది యేపామని తర్కింపక, మంత్రగాని యింటికి పోనీయక, తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పుడు. బండిఖర్చు మీరే భరింపుడు. పామును వెదకి చంపుటలో కాలము గడపకుడు. విషమెంతయో వైద్యుడు తేల్చును.