చేతిలో పట్టి చూసే గుండె

"బిడ్డ గుండెలో రంధ్రం ఉందట, ప్రార్థన చేయండి" అనే విన్నపం మన సంఘాల్లో తరచూ వినేదే. నూరుమంది శిశువుల్లో దాదాపు ఒకరు గుండె లోపంతో పుడతారు. చాలామందికి ఎకో పరీక్షతోనే వైద్యులకు దారి తెలుస్తుంది. చిక్కంతా మిగిలిన కొద్దిమందితోనే. రెండు పెద్ద రక్తనాళాలూ కుడి జఠరిక నుంచే బయలుదేరిన బిడ్డకు, ఎడమవైపు రక్తాన్ని బృహద్ధమనిలోకి ఏ దారిన మళ్లించాలి?

ఇక్కడే త్రీడీ ప్రింటింగ్ అక్కరకొస్తోంది. సీటీ లేదా ఎంఆర్ఐ చిత్రాల నుంచి ఆ బిడ్డ గుండెనే, అవే కొలతలతో, పొరమీద పొరగా ముద్రిస్తారు. సర్జన్ దాన్ని చేతిలో తిప్పి, కోసి, లోపల చూసుకుని ఆపరేషన్‌కు వెళ్తాడు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, 40 క్లిష్టమైన కేసులకు గాను 19లో నమూనా చూశాక ఆపరేషన్ పద్ధతిని మళ్లీ ఆలోచించుకున్నారు. ఏరి తీసుకున్న కేసులే కావచ్చు, అయినా దాదాపు సగం! నమూనా కొట్టుకోదు, పలుచని కవాటాల రెక్కలు అందులో సరిగా కనబడవు. ఆ లోటు ఉంది.

అసలు లోటు మన దగ్గర ఉంది. పాలు తాగుతూ ఆయాసపడి చెమటలు పట్టే పసివాణ్ణి, ఏడిస్తే పెదవులు నీలమయ్యే పాపను "దిష్టి తగిలింది, ఎదిగితే పోతుంది" అని ఇంట్లోనే ఉంచుతున్నాం. స్కానింగ్ దాకా రాని బిడ్డ గుండెను ఏ యంత్రమూ ముద్రించలేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ పిల్లల గుండె ఆపరేషన్లకు వర్తిస్తాయి. వచ్చే ఆదివారం అలాంటి తల్లి ప్రార్థన కోరితే, సోమవారం ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లేదెవరో ఆరాధన ముగిసేలోపే తేల్చండి.